వాయించనని చెప్పగలగడం

మా నాయన డప్పు వాయించేవాడు. నేను బేస్ గిటార్ వాయిస్తాను. ఈ రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలు, వినేవాళ్లు మధ్యలో వొక కథ తామే అల్లుకుంటారు. మా బంధువులైతే "తోలు వాసన వొదిలించుకున్నావు, మంచిపని చేసినావు" అంటారు. మీటింగుల్లో కలిసే విద్యార్థి మిత్రులైతే "అన్నా, మన వాయిద్యం వొదిలేసి తెల్లోడి వాయిద్యం పట్టుకున్నావేంది" అంటారు. మొదటివాళ్ల లెక్కలో నేను పైకొచ్చినోణ్ణి. రెండోవాళ్ల లెక్కలో పారిపోయినోణ్ణి. యిద్దరూ వాయిద్యాన్ని చూసే మాట్లాడుతున్నారు. ఆ చెయ్యి యెవరి మాట మీద కదులుతోందని యిద్దర్లో వొక్కరూ అడగరు. వాయించడం యెప్పుడు వెట్టి, యెప్పుడు కళ? నన్ను చాన్నాళ్లుగా తొలుస్తున్న ప్రశ్న యిది.

బేస్ గిటార్ తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. మామూలు గిటార్‌కు ఆరు తీగలు, దీనికి నాలుగు. తీగలు లావు, మెడ పొడుగు. అన్నిట్లోకి లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్దం చెవికంటే ముందు కడుపుకు తగుల్తది. జనం పాడేవాళ్లను చూస్తారు, కీబోర్డు వింటారు, ప్యాడ్స్ కొట్టేవాడికి చప్పట్లు కొడతారు. బేస్ మోగుతున్న సంగతి యెవరికీ తెలీదు. ఆపితే తెలుస్తుంది. కాళ్లకింద నేల తీసేసినట్టు పాట బోలుగా అయిపోతది.

మా బృందంలో అయిదుగురం. యిద్దరం టీచర్లం. వొకడు కరెంటు పని చేస్తాడు. వొకడు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చేసి, అది మూతపడ్డాక ఆటో తోలుతున్నాడు. పాడేది అంగన్‌వాడీ టీచరు, నాకు వరసకు చెల్లెలు. గురువు దగ్గర కూచుని నేర్చుకున్నవాళ్లు వొక్కరూ లేరు. క్రిస్మస్‌కు చర్చిల్లో, ఏప్రిల్ 14న జయంతికి, మా వాళ్ల పెళ్లిళ్లకు గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, తర్లుపాడు చుట్టుపక్కల వాయిస్తాం. డబ్బులిస్తే డీజిలుకు, తీగలకు పోతాయి. యివ్వకపోతే అన్నం పెడతారు.

తెల్లోడి వాయిద్యం అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ బేస్ గిటార్‌ను అమ్మకానికి పెట్టిన మాట నిజమే. దానితో మాట్లాడించింది యెవరు? డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డులకు 1960ల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ నల్లజాతివాడు. లోకమంతా ఆ పాటలకు చిందులేసింది. రికార్డు అట్టమీద మాత్రం ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద వాయించినవాళ్ల పేర్లు అచ్చయ్యేదాకా ఆ కంపెనీ వాద్యగాళ్లకు అట్టమీద చోటే లేదు. ఆయన 1983లో పోయినాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2000లో. యింకో సంగతి, ఆయన తీగలు మార్చేవాడు కాదు. తెగితే తప్ప కొత్తవి వేసేవాడు కాదంటారు. తీగకు పట్టిన మురికిలోనే ఆయన నాదం వుంది. ఈ ముక్క చదివినప్పుడు నాకు మా నాయన డప్పే గుర్తొచ్చింది. మద్రాసులో 2018 జనవరి 6న క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ వాళ్లు మొదటి కచేరీ చేసినప్పుడు పరై, గిటార్లు వొకే వేదిక మీద మోగాయి. మా విద్యార్థి మిత్రులు ఆ వీడియోలు నాకే పంపిస్తారు!

నా గిటార్ సెకండ్‌హ్యాండ్‌ది. మంచి తీగల సెట్టు కొనాలంటే వేలల్లో మాట. చెమట, దుమ్ము చేరి తీగలు మొద్దుబారినప్పుడు విప్పి, చుట్టచుట్టి, గిన్నెలో పది నిమిషాలు వుడకబెట్టి, గుడ్డతో తుడిచి బాగా ఆరనిచ్చి మళ్లీ బిగిస్తాను. కొన్నాళ్లు కొత్తవాటిలాగే పలుకుతాయి. మా ఆవిడ ఆ గిన్నెను వంటింట్లోకి రానియ్యదు. గిటార్ మెడలో వొక యినుప కడ్డీ వుంటుంది, ట్రస్ రాడ్ అంటారు. మా పక్క యెండాకాలంలో నలభై డిగ్రీలు దాటితే కర్ర యెండిపోయి మెడ తేడా చేస్తుంది, తీగలు మెట్లకు తగిలి గరగరమంటాయి. అప్పుడు ఎల్లన్ కీతో పావుచుట్టు తిప్పి, వొక రాత్రి ఆగి, పొద్దున్నే చూడాలి. తొందరపడి యెక్కువ తిప్పితే కడ్డీ పాడైపోతది. పల్లెల్లో కరెంటుకు ఎర్త్ సరిగా వుండదు. బాక్సులో వొకటే గుర్రు. తడి చేత్తో తీగ ముట్టుకుంటే షాక్ కూడా. ప్రోగ్రాం మొదలయ్యేలోపు మా కరెంటు తమ్ముడికి ఎర్త్ చూసుకోవడం, వూడిన జాక్‌కు సోల్డరింగ్ పెట్టడం తోనే సరి.

నేను వాకిట్లో కూచుని ఈ పని చేస్తుంటే దారినపోయేవాళ్లు నిలబడి చూస్తారు. "సారు గిటార్ రిపేరు చేసుకుంటన్నాడు" అంటారు గౌరవంగా. అదే పని మా నాయన చేస్తుంటే ముక్కు మూసుకుని పొయ్యేవాళ్లు.

ఆయన చేసిందీ యిదే పని గదా. మేకతోలు సున్నం నీళ్లలో నానేసేవాడు. బొచ్చు వూడేదశకు రాగానే మొద్దుకత్తితో గీకేవాడు. కత్తి పదునుగా వుంటే తోలు తెగుతది, మరీ మొద్దుగా వుంటే బొచ్చు రాదు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి నూరి, వుడికించి బంక చేసేవాడు. ఆ బంక పూసి తోలును చెక్క చట్రం మీద లాగి, తోలు వార్లతో బిగించి, నీడలో ఆరబెట్టేవాడు. యెండలో పెడితే తొందరగా ఆరుతుంది గానీ బీటలిస్తుంది. ముసురుపట్టిన రోజుల్లో డప్పు చూరుకింద కాదు, పొయ్యి దగ్గర వుండేది. వాయించేముందు గడ్డిమంట మీద కాచి, వేలితో కొట్టి విని, మళ్లీ కాచేవాడు. నేను ట్యూనర్ చూసి తీగ బిగిస్తాను. ఆయన చెవే ఆయన ట్యూనర్. కొన్ని వూళ్లల్లో డప్పును పలక అని కూడా అంటారు. నన్ను బళ్లో వేసినప్పుడు నాయన మార్కాపురం పలక కొనుక్కొచ్చినాడు. రెండు పలకలూ వొకే యింట్లో వుండేవి. వొకటి పట్టుకుని నేను వూళ్లోకి పొయ్యేవాణ్ణి, రెండోది పట్టుకుని ఆయన పొయ్యేవాడు.

డప్పు కాగడానికి పది నిమిషాలు పడుతుంది. పెద్దింటి చావు దగ్గర ఆ పది నిమిషాలు కూడా యిచ్చేవాళ్లు కాదు. "యింకా యెంతసేపురా" అనేవాళ్లు. మేమిప్పుడు అరగంట మైక్ టెస్టింగ్ చేసినా జనం కుర్చీల్లో కూచుని ఓపిగ్గా చూస్తారు. నాయనకు కబురొస్తే కంచంలో చెయ్యి కడుక్కుని లేవాల్సిందే. జొరమని చెప్పే వీల్లేదు. కళ్లంలో కొలిచే గింజలతో ముడిపడిన పిలుపు అది. అదే నాయన మా పల్లెలో పెళ్లికి వాయిస్తే వేరే మనిషి. మధ్యలో ఆపి బీడీ ముట్టించేవాడు. దరువు మార్చేవాడు. వొళ్లు అలిసినప్పుడు "యియ్యాల్టికి చాల్రా" అని డప్పు కింద పెట్టేవాడు, యెవరూ యేమనేవాళ్లు కాదు. చెయ్యి అదే, డప్పు అదే. వొకచోట ఆపగలడు, రెండోచోట ఆపలేడు. నాకు తేడా అంతా యిక్కడే కనబడుతుంది.

అంటు తోలుకు వుందంటారు. అయితే మృదంగానికి వున్నదేంది? తబలాకు మూసింది మేకతోలు కాదా? మృదంగం దేవుడి ముందు మోగుతుంది, తబలా కచేరీ చేస్తుంది. పాతకాలపు యూరప్ వాయిద్యాల తీగలు గొర్రెపేగులతో చేసినవి. నా గిటార్‌కు పెద్దన్నలాంటి డబుల్ బేస్‌కు కూడా అవే తీగలు. కాబట్టి తోలు కాదు సమస్య. తోలును శుభ్రం చేసే చేతినీ, శుభ్రమైన తోలును వాయించే చేతినీ విడదీసి, మొదటిదాన్ని పెరట్లోనే నిలబెట్టడం సమస్య. కులం పనుల్ని పంచలేదు, పనిచేసేవాళ్లను పంచిందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చాడు. టి.ఎం. కృష్ణ మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాశాడు. 2020లో ఆ పుస్తకం ఆవిష్కరణకు ముందు హాలు యిస్తామన్న కళాక్షేత్ర తర్వాత వద్దనేసింది. మృదంగం వినొచ్చు. దాని పుట్టుక వినకూడదు!

మన ప్రభుత్వం పింఛన్ల జాబితాలో కూడా యిదే విడదీత. డప్పు కళాకారులకు వొక వరస, చర్మకారులకు వేరే వరస. 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు యిస్తున్నారు, సంతోషం. కానీ తోలు గీకిందీ, దానిమీద దరువేసిందీ వొకే మనిషి అయితే ఆయన్ను యే వరసలో నిలబెట్టాలి? మా నాయన దరఖాస్తు నేనే నింపినాను. "కళాకారుడు అని రాస్తన్నావా" అని నవ్వినాడు. ఆ నవ్వులో వున్నదేమిటో నాకు యిప్పటికీ అంతుపట్టలేదు.

మన పక్క వాయించం అన్న మాటకు పెద్ద చరిత్ర వుంది. 1866లో క్లౌ దొర వొంగోలు వచ్చినాడు. తోళ్ల బేరం చేసే మాదిగ యర్రగుంట్ల పేరయ్య ఆ కాలంలోనే క్రైస్తవంలో కలిసినాడు. కొత్తగా చేరినవాళ్లకు మూడు షరతులు: ఆదివారం పనిచెయ్యగూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినగూడదు, విగ్రహాలకు మొక్కగూడదు. మూడో షరతుతో జాతరకు డప్పు కొట్టడం ఆగింది. వూరు వూరుకోలేదు. పనులు ఆపింది, బావులు మూసింది, కొట్టింది. అయినా కలిసేవాళ్లు ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో వొక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా కంభం చెరువు నిండేదీ ఆ గుండ్లకమ్మ నీళ్లతోనే.

దొర చెప్పినందుకు మానేస్తే అదీ యింకొకడి మాట మీద చెయ్యి ఆడించడమే గదా అని అడగొచ్చు. అడగాల్సిందే. కానీ దెబ్బలు తిన్నది దొర కాదు, నీళ్లకు అల్లాడింది దొర కాదు. షరతు ఆయనది కావచ్చు, దానికి కట్టిన వెల మనవాళ్లది. యింకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ షరతు పోయిపోయి యెక్కడికి చేరిందంటే, నేను చిన్నప్పుడు వెళ్లిన చర్చిలోకి హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది, చివరికి బేస్ గిటార్ వచ్చింది, డప్పు మాత్రం గుమ్మం బయటే ఆగింది. వాయించం అనే హక్కు వాయించగూడదు అనే రూలు అయింది. నాయన లోపల నా బేస్ వింటూ కూచునేవాడు. ఆయన డప్పు యింట్లో వుండేది.

1994 జూలై 7న ఈదుముడిలో దండోరా పుట్టినప్పుడు మంద కృష్ణ మాదిగ, ఆయన తోటివాళ్లు అదే డప్పును పైకెత్తినారు. వొక తరం కింద పెట్టిన డప్పును యింకో తరం యెత్తింది. యిందులో యెవరిది తప్పు అని కొందరు కొట్లాడతారు. నాకు రెండూ వొకటే పనిగా కనిపిస్తాయి. దించిందీ మనమే, యెత్తిందీ మనమే. వూరి పెద్ద కబురు మీద కాదు.

అయితే యిదంతా సుళువుగా చెప్పడానికి నాకు నెల జీతం వుంది. పెద్దింటి పెళ్లికి రమ్మంటే మా బృందం వెళ్లనని చెప్పగలిగింది, ఆ ఖర్చు మాకు పెద్దగా తగల్లేదు. మీటింగు ర్యాలీలో రోజు కూలికి డప్పు కొట్టే తమ్ముడు నువ్వెందుకు పోయినావని నేను నిలదీస్తే, వాడు నా మెడలో గిటార్‌ను కాదు, నా జీతాన్ని చూస్తాడు. కాదనడానికి గుండె ధైర్యం వొక్కటే చాలదు, రేపటి తిండి కూడా కావాలి. ఆత్మగౌరవం గురించి వుపన్యాసాలు చెప్పే మనలో చాలామందికి జీతమే జామీను.

మూడేళ్ల కింద మా బడికి వొక పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. తోటి టీచరు వొకాయన "సార్, మీ కాలనీ పిల్లలతో డప్పు కొట్టిద్దాం. స్వాగతం బ్రహ్మాండంగా వుంటుంది. మన సంస్కృతి గదా" అన్నాడు.

"కొట్టిద్దాం సార్. నెల రోజులు టైమివ్వండి. తొమ్మిదో తరగతి మొత్తానికి నేర్పిద్దాం."

"మొత్తానికెందుకు సార్, వాళ్లకైతే వచ్చు గదా."

"వాళ్లకు రాదు సార్. వాళ్ల తాతలకు వచ్చు."

ఆ మాటతో డప్పు సంగతి ఆగిపోయింది. పూలిచ్చి స్వాగతం చెప్పినారు. ఆ సాయంత్రం మా కాలనీ పిల్లోడొకడు నా సైకిల్ మోటార్ దగ్గర నిలబడి "సార్, నాకు కొట్టాలని వుండె" అన్నాడు. నేను ఆ టీచరుతో అన్న మాట సరైందే, యిప్పుడైనా అదే అంటాను. పిల్లోడి మాట కూడా సరైందే. వాడి తరఫున వద్దన్నది నేను, వాణ్ణి అడిగినవాళ్లు లేరు. వాడు అధికారి కోసం కొట్టాలనుకోలేదు, డప్పు కోసం కొట్టాలనుకున్నాడు. రెండూ వేరని తొమ్మిదో తరగతి పిల్లోడికి తెలుసు.

యిప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి. యినుప రింగు, బోల్టులు, కాచే పనిలేదు, వాసన లేదు. కాలేజీల్లో అన్ని కులాల పిల్లలూ మెడలో వేసుకుంటున్నారు. వేసుకోనీ. కానీ తోలు పోయినాకనే అందరూ ముట్టుకున్నారంటే అందులో సగమే సంతోషం నాకు. అందుకే ఈ శనివారాలు సాయంత్రం పూట మా వాకిట్లో తోలు డప్పే చెయ్యిస్తున్నాం. నేర్పేది నాయన. ఆ పిల్లోడు పదోతరగతి అయిపోయినా వస్తున్నాడు. వాడితో పాటు వాడి దోస్తులు నలుగురు, అందులో యిద్దరు వూళ్లోవాళ్లు. మొదటివారం చట్రం చేసినారు, అందరూ వున్నారు. పోయినవారం తోలు సున్నంలో వేసినాం. వూళ్లోవాళ్లలో వొకడు చేతులు మోచేతిదాకా ముంచి తోలు తిప్పినాడు. రెండోవాడు వాళ్లమ్మ రమ్మన్నదని మధ్యలోనే వెళ్లిపోయినాడు. రేపు శనివారం బొచ్చు గీకాలి. మొద్దుకత్తులు అయిదు సిద్ధం చేసి పెట్టినాడు నాయన.