90 రోజుల్లో దైవం వాటా ఎంత?

అమెరికాలో మాస్టర్స్ చివరి సెమిస్టర్‌కి వచ్చిన తెలుగు విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు రిపోర్టు కంటే ఎక్కువసార్లు తెరుచుకునేది ఒక ఎక్సెల్ షీటు. కంపెనీ పేరు, రోల్, అప్లై చేసిన తేదీ, రెఫరల్ ఎవరిచ్చారు, చివర్న స్టేటస్. ఆ చివరి గడిలో ‘రిజెక్టెడ్’ అన్న మాట ఎన్నిసార్లు పడిందో కొన్నాళ్ళకి లెక్కపెట్టడం మానేస్తారు.

రోజుల్ని మాత్రం లెక్కపెట్టక తప్పదు. ఎఫ్-1 వీసా మీద చదువుకున్నవాళ్ళకి చదువయ్యాక ఏడాదిపాటు ఆ రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంటుంది. దాన్ని ఓపీటీ అంటారు. కోర్సు ముగిసిన 60 రోజుల్లోపు ఏదో ఒక తేదీని ఓపీటీ ప్రారంభానికి ఎంచుకోవాలి. అక్కణ్ణుంచి ఉద్యోగం లేకుండా గడిచే రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. మే నెలలో పట్టా పుచ్చుకుని జులై మధ్యలో ఓపీటీ మొదలుపెట్టినవాడికి ఏ ఉద్యోగమూ దొరక్కపోతే అక్టోబరు మధ్యకల్లా గడువు అయిపోయినట్టే. సైన్సు, ఇంజినీరింగు, లెక్కల కోర్సులవాళ్ళకి మరో 24 నెలల పొడిగింపు ఉంది గానీ, అదీ చేతిలో ఉద్యోగం ఉన్నవాళ్ళకే.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. 2009 తర్వాత చైనాని దాటి మొదటి స్థానానికి రావడం అదే. వాళ్ళలో 97 వేలమందికి పైగా ఓపీటీ మీద ఉన్నవాళ్ళే. డాలస్ శివార్లలోని అపార్ట్‌మెంట్లలో రాత్రి పదింటికి ఇంటర్వ్యూ ప్రశ్నలు వల్లెవేసుకునే గొంతుల్లో తెలుగు ఎంత వినిపిస్తుందో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు.

ఆ గొంతుల వెనక ఇంకో గొంతు ఉంటుంది. ఇండియాలో తెల్లవారుజామున లేచి, దీపం పెట్టి, మొక్కుకునే అమ్మ గొంతు. హైదరాబాద్ శివార్లలో గండిపేట చెరువుకి దగ్గర్లోని చిలుకూరు బాలాజీ గుడికి ‘వీసా బాలాజీ’ అని పేరు రావడం ఊరికే జరగలేదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, అది తీరాక వచ్చి 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కాగితం చేతిలో పట్టుకుని, ఒక్కో చుట్టుకీ ఒక్కో గడి కొట్టేస్తూ జనం నడుస్తుంటారు. హుండీ లేని గుడి అది. దేవుడికి ఇవ్వాల్సింది కాళ్ళ నొప్పులే తప్ప కాసులు కాదు.

ఈ దృశ్యం చూసి రెండు వైపుల నుంచీ పెదవి విరుపులు వస్తాయి. ‘కోడింగ్ రౌండ్ రాయాల్సింది నువ్వు, మధ్యలో దేవుడేం చేస్తాడు?’ అని హేతువాది అడుగుతాడు. ‘ఫలం కోరని కర్మ చేయమని గీత చెబుతుంటే, దేవుడి దగ్గరకెళ్ళి వీసా అడుగుతావా?’ అని ఉపన్యాసాలు విన్న పెద్దాయన అడుగుతాడు. మొదటివాడి లెక్కలో మొక్కు మూఢత్వం, రెండోవాడి లెక్కలో చిల్లర బేరం.

పెద్దాయన రెండో అధ్యాయం 47వ శ్లోకం దగ్గర ఆగిపోకుండా ఏడో అధ్యాయం దాకా వెళ్ళి ఉంటే బాగుండేది. అక్కడ కృష్ణుడు తనని సేవించేవాళ్ళని నాలుగు రకాలుగా చెబుతాడు: ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదో ఒకటి కావాలని వచ్చినవాడు, జ్ఞాని. జ్ఞానికి పెద్దపీట వేస్తాడు, నిజమే. కానీ ఆ వెంటనే నలుగురూ ఉదారులేనంటాడు. కావాలని వచ్చిన అర్థార్థిని గుమ్మం బయట నిలబెట్టలేదు. ఆర్తుడైతే ఆ నలుగురిలో మొట్టమొదట నిలబడ్డాడు.

తెలుగువాళ్ళకి ఆర్తుడంటే గుర్తొచ్చేది గజేంద్రుడు. పోతన చెప్పిన గజేంద్రుడు మొసలి కాలు పట్టిన మరుక్షణం విష్ణువుని పిలవలేదు. ఏళ్ళ తరబడి పోరాడాడు, బలం ఉడిగిపోయింది, అప్పుడు పిలిచాడు. అప్పుడు కూడా నిబ్బరంగా పిలవలేదు. అసలు ఉన్నాడా లేడా అన్న అనుమానాన్ని పోతన ఆ ఏనుగు నోటే పలికించాడు. ఆ అనుమానంతోనే వేసిన కేకకి వైకుంఠం కదిలింది. ప్రయత్నం చేసి అలిసిపోయినవాడు, సగం నమ్మకంతో అడిగినా భాగవతానికి అభ్యంతరం లేదన్నమాట.

అడగడం సరే, అసలు జరిగేదాంట్లో మనిషి వాటా ఎంత? ఇది తేలిక ప్రశ్న కాదు. ఇందులో మన గ్రంథాలే ఒక్క మాట మీద లేవు.

యోగవాసిష్ఠంలో పదహారేళ్ళు నిండని రాముడు తీర్థయాత్రలు ముగించుకుని వచ్చి, తిండి మీద, మాటల మీద ఆసక్తి పోయి, గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. దేశాలు తిరిగొచ్చి ఏమీ తోచక కూర్చున్న కుర్రాణ్ణి చూసి ఇంట్లోవాళ్ళు బెంగపడటం ఈనాటి సంగతేం కాదు. వసిష్ఠుడు అతనికి చేసిన బోధలో మొదట్లోనే దైవం మీద భారం వేసేవాళ్ళని కడిగిపారేస్తాడు. దైవమంటూ వేరే ఏమీ లేదు, అది వెనకటి పురుష ప్రయత్నమే; ఇవాళ్టి ప్రయత్నం గట్టిదైతే నిన్నటిదాన్ని ఓడిస్తుంది అన్నది ఆయన వాదన. లింక్డిన్‌లో ఉత్సాహం నూరిపోసేవాళ్ళంతా తెలియకుండానే వసిష్ఠుడి శిష్యులు.

మహాభారతం ఇంత ధీమాగా చెప్పదు. అనుశాసన పర్వంలో ధర్మరాజు, దైవం పెద్దదా పురుషకారం పెద్దదా అని అంపశయ్య మీదున్న భీష్ముణ్ణి అడుగుతాడు. భీష్ముడు పాత సంభాషణ ఒకటి వినిపిస్తాడు. అందులో పురుషకారం పొలం, దైవం విత్తనం; రెండూ కలిస్తేనే పంట. దున్నని పొలంలో విత్తనం వృథా అని ప్రయత్నం వైపే మొగ్గు చూపిస్తాడు గానీ, దున్నిన ప్రతివాడికీ పంట రాసిపెట్టి ఉందని మాత్రం అనడు.

అన్నిటికంటే పొడిగా, లెక్క రాసినట్టు చెప్పింది గీత పద్దెనిమిదో అధ్యాయం. ఏ పని జరగడానికైనా కారణాలు ఐదు: ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఇదంతా తన ఒక్కడి వల్లే జరిగిందనుకునేవాడికి సరైన చూపు లేదని ఆ వెంటనే అంటుంది.

ఈ ఐదింటినీ ఉద్యోగ వేటకి అన్వయించి చూస్తే ఎక్కడా అతకనట్టు ఉండదు. చదివిన విశ్వవిద్యాలయం, అది ఉన్న ఊరు ఆధారం. తను కర్త. రెజ్యూమె, గిట్‌హబ్, ఇంగ్లీషు ఉచ్చారణ సాధనాలు. వందల అప్లికేషన్లూ మాక్ ఇంటర్వ్యూలూ ప్రయత్నాలు. ఇంటర్వ్యూ పాసైన వారానికే కంపెనీ నియామకాలు నిలిపేస్తే, దాన్ని ఏ గడిలో రాయాలి? ఐదో గడిలోనే.

ఐదో గడి అంటే ఏమిటో అంకెల్లో చూడాలంటే, ఓపీటీ తర్వాత ఉద్యోగంలో కొనసాగడానికి కావలసిన హెచ్-1బీ వీసా ఉంది. ఏటా ఇచ్చే కొత్త వీసాలకి పరిమితి 85 వేలు: మామూలుగా 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి అదనంగా 20 వేలు. 2025 మార్చిలో అర్హమైన రిజిస్ట్రేషన్లు దాదాపు 3.44 లక్షలు వస్తే, కంప్యూటర్ డ్రా తీసి ఎంపిక చేసినవి 1.20 లక్షలు. అదే టీమ్‌లో, అదే జీతంతో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరి పేరు వచ్చి ఇంకొకరిది రాకపోవడానికి ఆ డ్రాలో మంచి చెడులతో సంబంధం ఏమీ లేదు. 2025 చివర్లో నిబంధన మార్చారు. ఎక్కువ వేతన స్థాయి ఉన్నవాళ్ళ పేరు ఎక్కువసార్లు పడేలా తూకం వేస్తున్నారు. పై స్థాయి వాళ్ళ పేరు నాలుగుసార్లు, అప్పుడే చదువు ముగించి అట్టడుగు స్థాయిలో చేరినవాళ్ళది ఒక్కసారి. అదృష్టం పోలేదు, దాని తూకమే మారింది.

హైదరాబాద్ నుంచి వెళ్ళిన ముస్లిం విద్యార్థి ప్రయత్నానికీ దైవానికీ మధ్య ఉన్న ఈ లెక్కని తిర్మిజీ హదీసులోని ఒంటె కథతో అర్థం చేసుకుంటాడు. ఒంటెని కట్టెయ్యాలా, దేవుడి మీద వదిలెయ్యాలా అని అడిగినవాడికి ముందు కట్టు, ఆ తర్వాత దేవుణ్ణి నమ్ముకో అని ప్రవక్త చెప్పిన సమాధానం అది. గుంటూరు నుంచి వెళ్ళిన క్రైస్తవ విద్యార్థికి బైబిల్లో ప్రసంగి తొమ్మిదో అధ్యాయం ఉంది. గెలుపుకి వేగమూ తెలివీ చాలవని, కాలం కూడా కలిసిరావాలని అదీ ఒప్పుకుంటుంది. ఏ దారిలో వచ్చినా ఫలితాన్ని మనిషి విలువకి కొలబద్దగా పెట్టకూడదన్న దగ్గరికే చేరుతున్నారు.

మరి మనిషి విలువ తేలేది ఎక్కడ?

ఆన్‌లైన్ దరఖాస్తుల్లో చివరిదాకా వెళ్ళాక ఒక ప్రశ్న వస్తుంది: ఇప్పుడు గానీ, ముందు ముందు గానీ, వీసా స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా? కింద రెండే గుండ్రటి గుర్తులు, అవును, కాదు. ఓపీటీ ఉంది కాబట్టి ఇప్పటికి అవసరం లేదు. ‘ముందు ముందు’ అన్నందుకు నిజాయితీగా ‘అవును’ నొక్కాలి. నొక్కితే చాలా కంపెనీల్లో దరఖాస్తు మనిషి కంటబడకుండానే పక్కకి పోతుంది. ‘కాదు అని పెట్టెయ్‌రా, ఆఫర్ వచ్చాక చూసుకుందాం’ అంటాడు రూమ్‌మేట్. ఇది చిన్న అబద్ధం. దీని తర్వాత మెట్టు, లేని అనుభవాన్ని రెజ్యూమెలో ఏళ్ళకి ఏళ్ళు కలిపి రాసిపెట్టే కన్సల్టెన్సీ. ఆ పై మెట్టు, ఇంటర్వ్యూలో ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడే ప్రాక్సీ.

ఇలాంటి చోట తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట అలవోకగా వచ్చేది వామన చరిత్రలో శుక్రాచార్యుడి మాట. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళి విషయంలో, ప్రాణం, డబ్బు, మానం పోయే సందర్భంలో బొంకవచ్చంటూ ఆయన చెప్పిన మినహాయింపుల జాబితా పద్యం రూపంలో అందరికీ కంఠతా వచ్చు. అప్పు చేసి పంపిన చదువు కాబట్టి ఇదీ విత్తభంగమే, పరవాలేదు అన్నది తాత్పర్యం. అయితే ఆ పద్యాన్ని పోతన ఎవరి నోట పెట్టాడో, అది విన్నవాడు ఏం చేశాడో మాత్రం ఎవరూ చెప్పరు. బలి చక్రవర్తి ఆ సలహాని తోసిపుచ్చాడు. ఎదురుగా ఉన్నది ఎవరో, పోయేది ఎంతో అంతా తెలిసే వామనుడికి ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. రాజ్యం పోయింది, ఆ కథకి మాత్రం బలే నాయకుడు. శుక్రుడి లెక్క కూడా తప్పేం కాదు. నిజమాడితే మునిగిపోతావని ఆయన ముందే చెప్పాడు, అలాగే జరిగింది. నిజం చెబితే బహుమానం ఉంటుందన్న ఆశతో బలి ఆ మాట మీద నిలబడలేదు.

అబద్ధం కూడా ఒక్కడి దగ్గర ఆగదు. 2023 మార్చిలో హెచ్-1బీకి 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు పోటెత్తాయి. అర్హమైనవాటిలో సగానికి పైగా, ఒకే మనిషి పేరు మీద ఒకటికి మించి పడినవే. వేర్వేరు కంపెనీల్లో నిజంగానే ఆఫర్లున్నవాళ్ళూ ఉన్నారు, కూడబలుక్కుని వేసినవాళ్ళూ ఉన్నారు. ఒక్కసారే వేసిన కుర్రాడి అవకాశం మాత్రం ఆ మేరకు సన్నగిల్లింది. మరుసటి ఏడాది నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒక్కటే లెక్క అని మార్చాక రిజిస్ట్రేషన్లు 4.8 లక్షలకి దిగాయి. ఐదో కారణమైన దైవం అనుకున్నదాంట్లో కొంత, పక్కవాడు చేసిన పనేనని తేలింది.

అబద్ధమాడింది ఎప్పుడూ విద్యార్థే అనుకోవడానికీ లేదు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పాఠాలూ పంతుళ్ళూ లేని బూటకమని, దాన్ని నడిపింది సాక్షాత్తూ ఫెడరల్ అధికారులేనని 2019 జనవరిలో బయటపడింది. వందమందికి పైగా భారతీయ విద్యార్థులని అదుపులోకి తీసుకున్నారు, వాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. తెలిసే చేరారని ప్రభుత్వం, మోసపోయామని విద్యార్థులు. వల పన్నినవాడు కూడా బొంకాడు కాబట్టి చిక్కినవాడి బొంకు మాసిపోతుందా? లా కాలేజీలో ఈ ప్రశ్నకి ఒక జవాబు దొరకవచ్చు. ద్రోణుడితో బొంకిన ధర్మరాజు రథం నేల మీదికి దిగకుండా ఆపడానికి కృష్ణుడి ప్రోద్బలం సాకుగా పనికిరాలేదని మహాభారతం మాత్రం గుర్తుచేస్తుంది.

ఇక ఫలం కోరని కర్మ సంగతి. దాన్ని అమెరికా వలస నిబంధనలు వింతగా ఆచరణలోకి తెచ్చాయి. మొదటి ఏడాది ఓపీటీలో వారానికి కనీసం 20 గంటలు, చదివిన రంగంలోనే, కార్మిక చట్టాలకి లోబడి జీతం లేకుండా పనిచేసినా అది ఉద్యోగం కిందే లెక్క. 90 రోజుల గడియారం ఆగుతుంది. అందుకే పట్టా చేతికొచ్చాక కూడా పాత ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో, స్వచ్ఛంద సంస్థలోనో పైసా తీసుకోకుండా డేటా సర్దుతూ, కోడ్ రాస్తూ కనిపించే పిల్లలు చాలామంది ఉంటారు. గడియారం ఆపడానికే చేరారు కాబట్టి ఇది నిష్కామమేమీ కాదని పెద్దాయన అంటాడు. నిజమే, కాదు. అయినా చేరిన రెండో వారానికి ఒకడు ఆ కోడ్‌ని అటెండెన్సు కోసం రాస్తున్నాడా, తర్వాత వచ్చేవాడికి అర్థమయ్యేలా రాస్తున్నాడా అన్నది ప్రొఫెసర్‌కి తెలుస్తూనే ఉంటుంది. ఆ ప్రొఫెసర్ రాసే సిఫారసు ఉత్తరం వల్ల ఉద్యోగం రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే అక్టోబరులో టికెట్ కొనుక్కుని వచ్చే కుర్రాణ్ణి శంషాబాద్‌లో దిగగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న ‘ఉద్యోగం ఎందుకు రాలేదు?’ అనే. ఐదు కారణాల్లో ఏది తక్కువైందో అతనికే తెలియదు. వాళ్ళు మాత్రం రెండోదాని మీదికే వేలు చూపిస్తారు.