మౌనం - అర్ధాంగీకారం: నగర ప్రణాళికలో పౌరుని నైతిక బాధ్యత

నగర బృహత్ ప్రణాళిక ముసాయిదాపై గడువులోగా అభ్యంతరాలు రాకపోతే ప్రజలు సమ్మతించినట్లు భావించడం పరిపాటి. ‘మౌనం అర్ధాంగీకారం’ అనే లోకోక్తి దీనికి సమర్థనగా కనిపిస్తుంది. కాని ఆ లోకోక్తి చెప్పేది సగం అంగీకారాన్నే. రోడ్డు విస్తరణలో ఇల్లు కోల్పోనున్న వ్యక్తికి ఆ పటం అర్థం కాకపోతే అతని మౌనంలో ఆ సగం కూడా ఉండదు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 243-ఎస్ అధికరణం, 3 లక్షలు, ఆపై జనాభా గల పురపాలక సంఘాలలో వార్డు కమిటీలను నిర్దేశించింది. అటువంటి వేదికపై ప్రణాళికను తెలుగులో వివరించి, ప్రతి అభ్యంతరానికి సకారణంగా బదులిచ్చినప్పుడే మౌనాన్ని సమ్మతిగా గ్రహించే అర్హత పాలకులకు కలుగుతుంది. అన్నీ తెలిసిన తరువాత కూడా మాట్లాడని పౌరుని మౌనం మాత్రం పూర్ణాంగీకారమే. పొరుగువారికి కలిగే నష్టంలో అతనికీ నైతిక భాగం ఉంటుంది.