మిగిలిన అన్నం ఎవరిది?

బరువు తగ్గాలనుకోవడం స్త్రీవాదికి తగిన పనేనా? ఒక స్నేహితురాలు నన్ను సూటిగానే అడిగింది. పెళ్లిచూపుల నుంచి సినిమాల దాకా సన్నగా ఉండమని అందరూ ఆడవాళ్లకే చెప్తుంటే మనం కూడా ఆ కొలతలకు లొంగడమేమిటని ఆమె బాధ. సూసీ ఆర్బాక్ 1978లో ‘ఫ్యాట్ ఈజ్ ఎ ఫెమినిస్ట్ ఇష్యూ’ రాసినప్పటి నుంచీ మనం మాట్లాడుకుంటున్న బాధే ఇది. నాకూ ఉంది. కానీ నాకిప్పుడు ముప్పై ఏడేళ్లు. అమ్మకి చాలా ఏళ్లుగా మధుమేహం. నా చక్కెర కూడా హద్దు దగ్గరకు వచ్చిందని డాక్టరు చెప్పాక దీన్ని ఒట్టి సిద్ధాంతంగా చూడలేకపోతున్నాను.

బరువుని ఎత్తు వర్గంతో భాగించే లెక్క 19వ శతాబ్దంలో బెల్జియంకి చెందిన అడాల్ఫ్ కెట్లే చేసింది. సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి చేసిన లెక్క అది. బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో వచ్చింది. ఆ అంకెని మన మీద తీర్పుగా తీసుకోనక్కర్లేదు. అలాగని దాన్ని కొట్టిపారేస్తే జబ్బు పోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. రక్తహీనత ఉన్నవాళ్లు రెండు చోట్లా సగానికి పైనే.

ఈ రెండిటికీ మన వంటింట్లో ఒక మూలం ఉందనిపిస్తుంది. చాలా ఇళ్లలో ఆడవాళ్లు చివర్న తింటారు. అప్పటికి కూర అడుగంటి ఉంటుంది, గుడ్డు అయిపోయి ఉంటుంది. మిగిలేది అన్నం, దాన్లోకి ఆవకాయో మజ్జిగో. పిల్లలు కంచంలో వదిలేసిన ముద్దలూ ఆమెవే. అన్నం పారేస్తే పాపమని ఇంట్లో అందరికీ చెప్తారు. ఆ పాపం తగలకుండా మోసేది మాత్రం ఒక్కరి కడుపే. ఆకలి లేకపోయినా గిన్నె ఖాళీ చేయడం, ఆకలి ఉన్నా శనివారాలూ కార్తీక సోమవారాలూ మొగుడి కోసం, పిల్లల కోసం పస్తుండడం, రెండూ ఆమెకు బాధ్యతగానే అలవాటయ్యాయి. ఇప్పుడు డైటింగు వచ్చి చేరింది. కారణం మారింది గానీ ఆమె ఆకలి ఆమె చేతికి రాలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో 2000 కేలరీల ఆహారానికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు అని ఉంది. మంచి సలహా. అయితే నలుగురున్న ఇంట్లో కిలోన్నర పైగా కూరలు రోజూ కొని, కడిగి, తరగాల్సింది ఎవరు? 2024 సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. డబ్బుంటే ఆకుకూర గిల్లే పనిని మరో స్త్రీకి అప్పజెప్పొచ్చు. ఆమె తన ఇంటికెళ్లి ఇంత అన్నం పచ్చడితో కలుపుకొని తింటుంది. ఆమె సమయం మీద నిలబడ్డ నా మంచి అలవాటుని నా సంకల్పబలమని చెప్పుకోవడం అన్యాయం.

అందుకే తిండి నియమాన్ని ఒక్క మనిషి నిగ్రహంగా చూడడం మానేశాను. ఒంటిని చూసుకోవడం నా హక్కే. దాని కోసం మారాల్సింది మాత్రం ఇంటి పద్ధతి. మా ఇంట్లో ఇప్పుడు రాత్రి ఏడున్నరకి అందరం ఒకేసారి కూర్చుంటున్నాం. ముందు కూర అందరికీ సమంగా వడ్డించాకే అన్నం. మిగిలింది ఫ్రిజ్‌లోకి, మర్నాడు అందరికీ. కూరలు తరగడం మా ఆయన పని. వంటలో సాయం చేసే ఆవిడ మాతో పాటు, మేం తినేదే తిని వెళ్తుంది, ఆ సమయానికీ జీతం ఉంది. ఇది పెద్ద విప్లవమేం కాదు. ఆమె ఇంట్లో పిల్లల కంచాల సంగతి దీనితో తేలదు. ఆర్నెల్లలో నా బరువు తగ్గింది రెండు కిలోలే.

కష్టమంతా అత్తయ్య దగ్గరే. తన వంతు కూరలో సగం తీసి అబ్బాయి కంచంలో వేసేస్తారు. వద్దంటే ‘నాకంత ఆకలుండదమ్మా’ అంటారు. అరవై ఎనిమిదేళ్ల ఆ మనిషికి నిజంగా ఎంత ఆకలేస్తుందో ఇంట్లో ఎవరమూ ఇదివరకు అడగలేదు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాం. ఆవిడ ఇంకా ఆలోచిస్తున్నారు.