అమ్మ ఎక్కగలిగే పడవ

నా తెరచాప పడవ 26 అడుగులది. అమెరికాలో చెసపీక్ బే ఒడ్డున, అనాపొలిస్‌లో ఉంటుంది. దానికి తోడుగా ఒక డింగీ కొనాలి. పెద్ద పడవకు నీళ్ల నడుమ లంగరు వేశాక ఒడ్డుకు పోవాలన్నా, సరుకులు తెచ్చుకోవాలన్నా ఆ చిన్న పడవే దిక్కు. నా మనసు చెక్క డింగీ మీద ఉంది. ఎందుకని నన్ను నేను నిలదీసుకుంటే వచ్చిన జవాబు నాకే నచ్చలేదు.

చెక్క డింగీ తెడ్డుకు చక్కగా లొంగుతుంది, తిన్నగా పోతుంది. కానీ అంచు మీద కాలు పెడితే ఒరిగిపోతుంది. బోర్లించి పెట్టుకుందామంటే నా పడవ మీద చోటు లేదు. తాడు కట్టి వెనక లాక్కుపోతే వేగం తగ్గుతుంది. వెనక నుంచి అలలు లేస్తే దూసుకొచ్చి పెద్ద పడవనే గుద్దుతుంది. ఇవన్నీ తెలిసీ అదే కావాలనిపిస్తోంది. మాది కామారెడ్డి జిల్లా రామారెడ్డి. బోర్లను, వానను నమ్ముకుని బతికిన ఇల్లు. సముద్రం ఎరిగినవాళ్లు మా వంశంలో లేరు. ఊహ తెలిసినప్పటి నుంచి పడవలెక్కినవాళ్ల మధ్య తెడ్డు వేసుకుంటూ రేవుకు వస్తే, వీడూ మనవాడే అనుకుంటారని నా ఆశ. పడవ పేరు చెప్పి నేను కొనుక్కోబోయింది ఆ మెప్పునే.

ఈ ఎండాకాలం అమ్మ వస్తోంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఫోన్లో ఫొటోలు చూపిస్తే ఒక్కటే అడిగింది: "కాలు పెడితే ఒరుగుతదా బిడ్డా?"

అమ్మ పుట్టిల్లు నిజాంసాగర్ వైపు. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట వెనక, మంజీర నీళ్లలో గంగపుత్రుల పుట్టి ఎక్కిన మనిషి. పుట్టి అంటే వెదురు బద్దల అల్లిక, దానికి ఒకప్పుడు తోలు, తర్వాత ప్లాస్టిక్ పట్టా. గుండ్రంగా, అడుగు చదునుగా ఉంటుంది. ఎక్కినవాళ్లు నడిమిట్ల కూర్చోవాలి. ఒక్క తెడ్డుతో, గిర్రున తిరగనివ్వకుండా నడపడం పెద్ద విద్య. పని అయ్యాక నడిపినవాడు ఒక్కడే దాన్ని నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతాడు.

గాలి నింపే రబ్బరు డింగీ ఆ పుట్టికి చుట్టం. రెండు వైపులా లావు గొట్టాలుంటాయి కాబట్టి అంచు మీద కాలు పెట్టినా కాస్త అణుగుతుందే తప్ప అంత తేలిగ్గా బోల్తా కొట్టదు. గాలి తీసి చుట్టి అరలో పెట్టుకోవచ్చు. లోపాలూ ఉన్నాయి. ఎదురుగాలిలో తెడ్డుతో ముందుకు పోవడం కష్టం, చిన్న మోటారు కావాలి. ఇక్కడి ఆల్చిప్పలు కత్తుల్లా కోస్తాయి. పీవీసీ గుడ్డ చవకే గానీ ఎండకు త్వరగా పాడవుతుంది. హైపలాన్ రకం గుడ్డ ఖరీదెక్కువైనా చాలా ఏళ్లు నిలుస్తుంది. మోటారు రెండున్నర గుర్రాల శక్తిది చాలు. ఆ బరువైతే నేనొక్కణ్ణే ఎత్తగలను.

హైపలాన్‌దే కొంటున్నాను.

లైఫ్ జాకెట్ విషయంలోనూ నాలో మెప్పు కోరే ఆ మనిషే గొణుగుతుంటాడు: ఒడ్డు కనిపిస్తూనే ఉంది, ఇంత దూరానికి జాకెట్టా, చూసేవాళ్లేమనుకుంటారు? అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం పడవ ప్రమాదాల్లో మునిగిపోయి చనిపోయినవాళ్లలో పదికి ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే. అమ్మకు ఒకటి, నాకు ఒకటి డింగీతో పాటే కొంటున్నాను. నిజాంసాగర్‌లో పుట్టి ఎక్కే మీరూ, ఎంత ఈత వచ్చినా సరే, జాకెట్ తొడుక్కునే ఎక్కండి.