మార్కును వెంటబెట్టుకొని పోవువారెవరు?

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 13:13, 15:36-40, 2 తిమోతి 4:11



యాసంగి వరి కోతలు ముగిసి, వడ్లు కొనుగోలు కేంద్రములకు చేరుచున్నవి. బడులు మూసిరి. మన రుద్రూరు సంఘములో సెలవుల బైబిలు పాఠశాలకు ఏర్పాట్లు జరుగుచున్నవి. చిన్న పిల్లలను గూర్చి నాకు చింత లేదు. తల్లులే తల దువ్వి పంపుదురు. పదమూడు మొదలు పదిహేడేండ్ల వరకు గల మగపిల్లలను గూర్చియే ఈ మాటలు వ్రాయుచున్నాను.

గత ఆదివారము ఆరాధనయైన తరువాత ఇద్దరు పెద్దలు నాయొద్దకు వచ్చి, ముగ్గురు పిల్లల పేర్లు చెప్పి, “అయ్యగారూ, ఈ ఏడు వీళ్లను రానియ్యకుండ్రి. వీళ్లతోని తతిమ్మ పిల్లలు గూడ ఖరాబైతరు” అనిరి. వారు చెప్పినది అబద్ధము కాదు. ఆ పిల్లలు ఏమేమి చేసిరో ఇక్కడ వ్రాయను. వారి తల్లులు కూడ ఈ పత్రిక చదువుదురు.

మార్కు అను యౌవనస్థుని తలంచుకొనుడి. పౌలు, బర్నబాలతో సువార్త పనికి బయలుదేరి, పంఫూలియాలోని పెర్గేకు చేరగానే వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుకు పోయెనో లేఖనము చెప్పదు. రెండవ ప్రయాణమునకు బర్నబా వానిని మరల తీసికొనిపోదమనగా పౌలు ఒప్పుకొనలేదు. పని నడుమ విడిచిపోయినవానిని నమ్ముట ఎట్లు? మన పెద్దల మాటయు అదియే. తీవ్రమైన వాదము కలిగి ఇద్దరు దైవజనులు వేరైరి. బర్నబా మార్కును వెంటబెట్టుకొని ఓడయెక్కి కుప్రకు వెళ్లెను.

మార్కు బర్నబాకు జ్ఞాతి గనుక పక్షపాతము చూపెనని మీరనవచ్చును. అయితే అంతకు ముందు యెరూషలేములో శిష్యులందరు భయపడి దూరముంచిన సౌలును చేయిపట్టి అపొస్తలుల యొద్దకు తీసికొనివచ్చినవాడు కూడ ఈ బర్నబాయే. సౌలు వానికి చుట్టము కాడు. తనకు జరిగిన ఆ మేలును పౌలు ఆ దినమున మరచెనేమో! చెరసాలలో ముసలితనమున తిమోతికి వ్రాయుచు, మార్కును తోడుకొని రమ్మనియు, వాడు తనకు పనికివచ్చునని‌యు కోరెను. నడుమ గడచిన సంవత్సరములలో బర్నబా ఆ చిన్నవానితో ఏమి మాటలాడెనో వ్రాయబడలేదు. వెంట ఉంచుకొనెను, అంతే.

నేను ఒకమారు బర్నబాను కాలేకపోతిని. చాల యేండ్ల క్రిందట, వేరొక గ్రామములో, పాఠము చెప్పు అక్కను వెక్కిరించినందుకు ఒక బాలుని రెండవ దినముననే వెళ్లగొట్టితిని. ముగింపు సభ దినమున ఒక చిన్న పిల్ల కంఠతవాక్యము మరచి నిలిచిపోగా, ప్రహరీగోడ అవతలినుండి ఆ వాక్యము వినబడెను. వాడే! పదిదినములు గోడ ప్రక్కన నిలిచి అన్నియు నేర్చుకొనెను. అందరు నవ్విరి, నేనును నవ్వితిని. లోపలికి రమ్మని పిలువలేదు. మరుసటి యేట అడుగగా, పనికి పట్నము పోయెననిరి. వాని ముఖము నాకింకను జ్ఞాపకమున్నది.

అసలు ఈ బడులు మంచి పిల్లలకొరకు పుట్టినవి కావు. 1780లో ఇంగ్లాండులోని గ్లోస్టరు పట్టణములో రాబర్టు రైక్సు అను పత్రికాధిపతి, ఆరు దినములు పనిచేసి ఆదివారము వీధులలో తిట్లతో అల్లరిచేయు పిల్లలను చూచి ఆదివారపు బడి ఆరంభించెను. చెరసాలలకు వెళ్లి చూచిన మనిషి గనుక, పాపము ముదిరిన తరువాత మందు దొరకుట కష్టమని ఎరుగును. 1898లో న్యూయార్కు వీధిపిల్లలకొరకు హాస్ అను అమ్మగారు వేసవి బైబిలు బడి పెట్టినప్పుడు ఆమెకు దొరికిన స్థలము ఒక సారా అంగడి!

భయపెట్టి బాగుచేయుదమనువారు కూడ కలరు. అమెరికాలో 1970వ దశకమున న్యూజెర్సీలోని ఒక జైలునకు బాలురను తీసికొనిపోయి ఖైదీలచేత బెదిరింపించిరి. అట్టి ప్రయత్నములను పరిశోధకులు తరువాత లెక్కవేసి చూడగా, వెళ్లని బాలురకంటె వెళ్లినవారే ఎక్కువగా నేరములలో పడిరి. మన దేశపు 2015 నాటి బాలల న్యాయ చట్టము సహితము, తప్పుచేసిన బాలునికి నిందించు పేర్లు పెట్టకూడదని చెప్పుచున్నది. మనమో, గుడి మెట్లమీదనే పెట్టుచున్నాము.

ఈ పిల్లల తండ్రులెక్కడ? కొందరు దుబాయి, మస్కటులకు పోయి రెండేండ్లకొకమారు వచ్చుచున్నారు. 2015లో బోధను శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము మూతపడినప్పుడు పని పోయినవారు కొందరు. కల్లు దుకాణములో కూర్చున్నవారు కొందరు. తల్లి ఒక్కతె బీడీలు చుట్టుచు, తనకంటె ఎత్తు పెరిగిన కొడుకును ఎంతవరకు ఆపగలదు?

గనుక పెద్దలతో సంప్రదించి ఆ ముగ్గురి పేర్లు రిజిష్టరులో వ్రాసితిని. వారిని చివరి వరుసలో కూర్చుండబెట్టుట లేదు. చాపలు పరచుట, నీళ్లకుండలు నింపుట, చిన్నపిల్లలను రోడ్డు దాటించుట వారి పని. తగవు వచ్చినయెడల ఆ దినము ఇంటికి పంపుదుము, మరునాడు నేనే పోయి పిలుచుకొని వత్తును. అయితే నేనొక్కడను చాలను. ఉదయము వారితో కూర్చుండి, మధ్యాహ్నము కాలువకు పోకుండ చూచి, సాయంకాలము ఇంటివరకు నడచివెళ్లుటకు ముగ్గురు మగవారు కావలెను. పాట రానక్కరలేదు, ప్రసంగము రానక్కరలేదు. శనివారము సాయంకాలములోగా నాతో చెప్పుడి.

గంట కొట్టు పని ఆ ముగ్గురిలో పెద్దవానికి అప్పగించితిని. సోమవారము ఉదయము ఏడు గంటలకు కొట్టును.