అగ్గిపుల్లా, పెట్టె అంచూ

విరుదునగర్‌లో రైలెక్కి కోవిల్‌పట్టి వెళ్తున్నాను. సాత్తూరు దాటింది. కిటికీ అవతల నల్లరేగడి. ఎదుటి సీట్లో ఉన్న అవ్వ తమిళ యాస కలిసిన తెలుగులో పలకరించింది. ఈ వైపు తెలుగిళ్లు తరాల నాటివి. కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్‌లో పుట్టిన తమిళ కథకుడు కి. రాజనారాయణన్ ఇంటి భాషా తెలుగే. అవ్వ చాలా ఏళ్లు ‘తీప్పెట్టి ఆఫీసు’లో పనిచేసిందట. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఇక్కడ అలాగే అంటారు.

నా ఒళ్లో బైబిలు చూసి, “రక్షణ పొందినావా అయ్యా?” అంది.

మా సంఘంలో ఈ ప్రశ్నకు జవాబు నాలుక చివరే ఉంటుంది: బాప్తిస్మం తేదీ, సాక్ష్యం చెప్పిన కూటం. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. కొన్ని నెలలుగా ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లాలంటేనే జంకు. రొట్టె తినే ముందు ఎవరిని వారు పరీక్షించుకోమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. నేను పరీక్షించుకున్న కొద్దీ లోపలంతా చల్లగా ఉంది. ఇది విశ్వాసమా, ఆదివారాల అలవాటా?

“తెలీడం లేదవ్వా” అన్నాను.

“మందు బాగుందా లేదా అని పుల్లను చూసి మేమూ చెప్పలేము అయ్యా. పెట్టెకు గీసే చూసేది.”

1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకుని శివకాశికి తెచ్చారు. అప్పటి నుంచి ఈ ఎండ నేల బతుకంతా ఆ చిన్న పుల్ల చుట్టూ అల్లుకుంది. పుల్ల తలలో ఉండేది పొటాషియం క్లోరేటు. ఎర్ర భాస్వరం ఉండేది పెట్టె అంచున. పుల్లను ఎంత తిప్పి చూసినా నిప్పు దొరకదు, దానికి కావలసిన సగం పుల్లలో లేదు గనక.

నేను నెలలుగా పుల్లనే తిప్పి చూసుకుంటున్నాను.

ముమ్మారు బొంకిన రాత్రి పేతురు తన లోపలికి చూసుకుని ఉంటే, తాను శిష్యుణ్ణే కానని తేల్చుకునేవాడు. తర్వాత సముద్రపు ఒడ్డున యేసు అతణ్ణి సంజాయిషీ అడగలేదు. ప్రేమిస్తున్నావా అని అడిగాడు. పేతురూ తన గుండెలోంచి రుజువులు తీయలేదు. నీకే తెలుసు కదా అని ఆయన మీదే వేశాడు. ఆ వెంటనే గొర్రెల్ని మేపే పని అతని చేతికొచ్చింది.

అలాగని ఆయనకు తెలుసులే అని పుల్లను జేబులో దాచుకుని తిరగడమూ కుదరదు. నిత్యజీవం ఉందని మీకు తెలియాలనే రాస్తున్నానన్న యోహానే, ఆ తెలియడాన్ని సహోదర ప్రేమకు ముడివేశాడు. నాకు మింగుడుపడనిది అదే. పొలం గట్టు తగాదాలో మా అన్నతో మూడేళ్లుగా మాటల్లేవు. కన్నీళ్లు రాని ప్రార్థన గురించి బెంగపడ్డాను గానీ, ఈ మూడేళ్ల గురించి ఒక్కరాత్రీ నిద్ర చెడలేదు.

కోవిల్‌పట్టిలో దిగి, ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఫోన్ చేశాను. అన్న ఎత్తలేదు. మందు తడిసిందేమో. మళ్లీ చేశాను.