మళ్లీ మొదలుపెట్టడమే సమ్యక్ వ్యాయామం



మీ ఇంట్లో ఎక్కడో ఒక నోటుబుక్కు ఉండే ఉంటుంది. బీరువా మీదో, పిల్లల పాత పుస్తకాల కిందో. జనవరి ఒకటో తారీఖునో, డాక్టరు భయపెట్టిన మర్నాడో మొదలుపెట్టి ఉంటారు. తారీఖు, బరువు, ఎన్ని నిమిషాలు నడిచారు, రాత్రికి ఏం తిన్నారు, అన్నీ గీతలు కొట్టుకుని వరసగా రాసి ఉంటారు. పది రోజులో, పదిహేను రోజులో రాస్తారు. ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. నా పుస్తకంలో పదిహేడు రోజులున్నాయి.

ఈ వ్యాసం ఆ తెల్ల కాగితాల గురించి. అవి చూసినప్పుడు మీ మనసు మీతో ఏమంటుంది? "నావల్ల కాదు" అంటుందా? "నేను మాట నిలబెట్టుకోలేని మనిషిని" అంటుందా? నడక ఆపడం కాళ్లకి సంబంధించిన సంగతి. కానీ ఆపినందుకు మనల్ని మనం తక్కువ చేసుకోవడం నీతికి సంబంధించిన ప్రశ్న. అనుకున్నది మధ్యలో తప్పితే అది మన గుణంలోని లోపమా? ఈ ప్రశ్నకి ధమ్మం ఏం చెబుతుందో కలిసి ఆలోచిద్దాం.

ముందు నా సంగతి చెబుతాను. నాకు నలభై ఆరో ఏట షుగర్ బయటపడింది. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. మా నాన్న తిన్నంత అన్నమే నేనూ తింటాను. ఆయన తిన్నది నాగలి వెనక కరిగిపోయేది. నేను తిన్నది నడుం చుట్టూ చేరింది. డాక్టరు నడవమన్నాడు. రోజూ నలభై అయిదు నిమిషాలు, మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాలని పుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసుకున్నాను. బూట్లు కొన్నాను. అవి చూసి మా అమ్మ నవ్వింది. "పొద్దస్తమానం చేలో వంగి లేచినోళ్లం. మాకెప్పుడన్నా ఈ నడకలున్నాయంట్రా?" అంది.

పద్దెనిమిదో రోజున చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది గానీ కీళ్ల నొప్పులు రెండు నెలలు వదల్లేదు. పొద్దున్నే మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. తగ్గాక మళ్లీ మొదలుపెట్టాను. తొమ్మిది రోజులకి అమ్మ పడిపోయింది, తుంటి ఎముక విరిగింది. రాత్రుళ్లు ఆస్పత్రిలో, పగలు ఆఫీసులో. పుస్తకం అటక మీదికి పోయింది.

ఎప్పుడో ఒకసారి మాటల్లో ఒక సహోద్యోగి నవ్వుతూ అన్నాడు: "మీవాళ్లు ఏదీ పట్టుమని పది రోజులు చెయ్యరు కదండీ." నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, ఆ మాట నాలో అప్పటికే ఉందని. "నావల్ల కాదు" అని నాలో పలికే గొంతు నాది కాదు. తరతరాలుగా మన మీద మోపిన మాట అది. మనువు పుస్తకాన్ని కాల్చడం కన్నా ఆ గొంతుని పసిగట్టడం కష్టం. ఎందుకంటే అది మన భాషలో, మన యాసలోనే మాట్లాడుతుంది.

ఆలోచించండి. ఆర్య అష్టాంగ మార్గంలో ఆరో అంగం పేరు సమ్యక్ వ్యాయామం. మనం రోజూ కసరత్తుకి వాడే మాటే అది. అంటే బుద్ధుడు దండీలు, బస్కీలు తియ్యమన్నాడని కాదు. అక్కడ వ్యాయామం అంటే మనసు చేసే ప్రయత్నం. దాన్ని నాలుగు పనులుగా చెప్పారు. ఇంకా రాని చెడును రానివ్వకపోవడం, వచ్చిన చెడును వదిలించుకోవడం, ఇంకా రాని మంచిని తెచ్చుకోవడం, వచ్చిన మంచిని నిలుపుకోవడం. ఇందులో రెండో పనిని గమనించండి. చెడు వచ్చి ఉంటుందని ముందే ఒప్పుకున్న మార్గం ఇది. ఎన్నడూ తప్పని మనిషి కోసం కాదు, తప్పి మళ్లీ సర్దుకునే మనిషి కోసం వేసిన దారి.

సంయుత్త నికాయంలో కోసల రాజు ప్రసేనజిత్తు కథ ఉంది. ఆయన పూటకి ద్రోణం అనే పెద్ద కొలతతో వండిన అన్నం తినేవాడు. ఒకరోజు భోంచేసి, రొప్పుతూ, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. బుద్ధుడు తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. తిండిలో మితం తెలిసి, ఎరుకతో తినే మనిషికి బాధలు తగ్గుతాయనీ, ముసలితనం మెల్లగా వస్తుందనీ అర్థం వచ్చే చిన్న గాథ ఒకటి చెప్పాడు. రాజు తన వెనక నిలబడ్డ సుదర్శనుడనే కుర్రవాణ్ణి పిలిచి, ఆ గాథ నేర్చుకుని రోజూ భోజనం వేళకి తనకు వినిపించమన్నాడు. అందుకు రోజుకి నూరు కహాపణాలు ఇస్తానన్నాడు. క్రమంగా ఆయన తిండి నాళి అనే చిన్న కొలతకి దిగింది, ఒళ్లు తేలికపడింది.

రాజు ఎలా నెగ్గాడో అట్ఠకథలో ఇంకో వివరం ఉంది. చివరి ముద్ద దగ్గర కుర్రవాడు గాథ చదివేవాడట. రాజు ఆ ముద్ద వదిలేసేవాడు. ఆ ముద్దలో ఎంత అన్నం ఉందో చూసి, మర్నాడు అంత బియ్యం తగ్గించి వండేవారు. చూశారా! రాజు ఒక్క రోజులో పళ్లెం సగం చెయ్యలేదు. ఒక్క ముద్ద తగ్గించాడు. దాన్ని కొలిచాడు. మర్నాడు అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. గుర్తు చేయడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. రాజ్యాన్ని ఏలేవాడికే తన చేతి ముద్ద దగ్గర తోడు కావలసి వచ్చింది. మనకి కావలసి రావడంలో సిగ్గేముంది?

ఇక సోణుడి కథ. సంపన్న కుటుంబంలో సుకుమారంగా పెరిగి భిక్షువయ్యాడు. అటూ ఇటూ నడుస్తూ చేసే చంక్రమణ సాధనలో అరికాళ్లు పగిలి నెత్తురు కారేదాకా నడిచాడు. అయినా ఫలితం కనపడలేదు. ఇల్లు చేరి ఆస్తి అనుభవిస్తూ దానాలు చేసుకుందామా అనుకున్నాడు. మన నోటుబుక్కు పద్దెనిమిదో రోజు అంటే ఇదే. బుద్ధుడు వచ్చి వీణ గురించి అడిగాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదులు చేస్తే పలుకుతుందా? సరిపడా బిగిస్తేనే కదా పలికేది! ప్రయత్నమూ అంతేనని చెప్పాడు.

ఈ కథలో మనవాళ్లు తరచుగా చెప్పని భాగం వినయ పిటకంలో ఉంది. బుద్ధుడు సోణుడికి వీణ ఉపమానంతో సరిపెట్టలేదు, చెప్పులు వేసుకోవడానికి అనుమతి ఇచ్చాడు. తనొక్కడికే అయితే వద్దన్నాడు సోణుడు. అప్పుడు సంఘం మొత్తానికి అనుమతి వచ్చింది.

ఇది చదివిన రోజు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఊళ్లో పెద్దల వీధిలో నడవాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవలసిన కాలం ఆయనది. ఆ వీధిలోంచే ఇప్పుడు నేను బూట్లతో నడుస్తున్నాను. అమ్మ నవ్వులో ఎగతాళి ఒక్కటే కాదు, ఆశ్చర్యం కూడా ఉందని అప్పుడు అర్థమైంది. మన పెద్దల ఒళ్లు ఇంకొకరి పొలానికి, ఇంకొకరి పశువుల కొట్టానికి అరిగింది. అలిసిన ఒంటికి విశ్రాంతి ఇవ్వడం కూడా వాళ్ల చేతిలో లేదు. ఈ శరీరం నాది, దీన్ని చూసుకునే గంట నాది అని చెప్పగలిగిన మొదటి తరం మనది. ఆ గంటని సోకు అనుకోకండి. మనకి దక్కిన హక్కు అది.

అయితే తెల్ల కాగితాల మాటేమిటి? నాకు జవాబు విహారంలో దొరికింది. ఆదివారం అందరితో కలిసి పంచశీల చెబుతుంటే తట్టింది. పోయిన వారం చెప్పినవే కదా, మళ్లీ ఎందుకు తీసుకుంటున్నాం? ఒకసారి తీసుకుంటే చాలదా? చాలదు. ఎందుకంటే అవి పైనుంచి దిగిన ఆజ్ఞలు కావు, శిక్షాపదాలు. శిక్ష అంటే ఇక్కడ దండన కాదు, నేర్చుకోవడం. ఈ అభ్యాసాన్ని నేను స్వీకరిస్తున్నాను అని మన నోటితో మనం చెప్పుకుంటాం. తప్పితే నరకం తలుపులు తెరుచుకోవు. తప్పు ఒప్పుకుని మళ్లీ స్వీకరిస్తాం. నడకకీ అంతే. నేను మొదటి పేజీలో రాసుకున్నది ఒట్టు. అందుకే తెగిపోయింది. అభ్యాసమని రాసుకుని ఉంటే, ఆగిన చోటి నుంచి అందుకునేవాణ్ణి.

మరి పుస్తకం ఎందుకు? బుద్ధుడు రాహులుణ్ణి అడిగాడు, అద్దం ఎందుకని. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ఒక పని చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోమన్నాడు బుద్ధుడు. పుస్తకం అద్దమే గానీ న్యాయమూర్తి కాదు. అద్దంలో మొహం మీద మసి కనపడితే తుడుచుకుంటాం, అద్దాన్ని అటక మీద పెట్టం.

ఇప్పుడు నా పుస్తకంలో ఖాళీ రోజుల్ని ఖాళీగా వదలను. కారణం ఒక ముక్క రాస్తాను: "వాన", "అమ్మకి జ్వరం", "బద్ధకం". మూడు నెలలకి చూస్తే బద్ధకం నాలుగు సార్లే ఉంది. మిగతావన్నీ జీవితం. నన్ను నేను సోమరినని తిట్టుకున్న రోజుల్లో చాలావరకు నేను ఎవరికో సేవ చేస్తున్నాను. అలాగని ఆ నాలుగింటినీ దాచలేదు. తనతో తాను అబద్ధమాడకపోవడం కూడా నాలుగో శీలమే కదా!

ఇంకో మాట. జబ్బు పడ్డవాణ్ణి చూసి "పోయిన జన్మ కర్మ" అనేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. ఆ మాట పట్టుకుంటే ప్రయత్నానికి చోటే ఉండదు. బాబాసాహెబ్ తన మరణం తర్వాత, 1957లో వెలువడిన గ్రంథంలో ఆ పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. ఆయనకే మధుమేహం ఉండేది. చివరి ఏళ్లలో కాళ్ల నొప్పులు, చూపు మందగించడం ఆయన్ని వేధించాయి. ఆ ఒంటితోనే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకుని, లక్షల మందికి దీక్ష ఇచ్చారు. ఆ తర్వాత 53 రోజులకే వెళ్లిపోయారు. ఆయన జబ్బు క్రమశిక్షణ లేక వచ్చిందని ఎవరైనా అనగలరా? ఒంట్లో బాగుండకపోవడం నేరం కాదు. ఉన్న ఒంటితో, ఉన్న రోజున చేయగలిగింది చేయడమే మన చేతిలో ఉన్నది.

ఇక మీరు ఏం చేయొచ్చు? పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవడం లాంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజు లెక్కన కాక వారం లెక్కన పెట్టుకోండి. ఒకరోజు పోతే వారం పోదు. అదీ కుదరకపోతే పది నిమిషాలతో మొదలెట్టండి, ప్రసేనజిత్తు ఒక్క ముద్ద తగ్గించినట్టు. బరువు రోజూ చూసుకుని దిగులు పడకండి. షుగర్ ఉన్నవాళ్లకి డాక్టర్లు మూడు నెలల సగటు పరీక్ష రాస్తారు. దాన్ని ముందురోజు ఉపవాసంతో మోసం చేయలేం, ఒక్క పెళ్లి భోజనంతో పాడుచేయలేం. గుండె జబ్బు, కీళ్ల నొప్పి, షుగర్ మందులు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే వేగం పెంచండి. తోడుగా ఒక సుదర్శనుణ్ణి చూసుకోండి. ఇంట్లో ఆడవాళ్లకి ఆ గంట దొరకాలంటే పొద్దున పొయ్యి దగ్గర మగవాళ్లు నిలబడాలి. అది లేకుండా "నువ్వూ నడవచ్చుగా" అనడం ఉత్తమాటే.

నేను ఎనిమిది కిలోలు తగ్గుతాననుకున్నాను, మూడే తగ్గాను. సగటు షుగర్ కొంత దిగింది, మాత్రలు మాత్రం మానలేదు. అమ్మ ఇప్పుడు నాలుగు కాళ్ల చేతికర్ర పట్టుకుని వసారాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తోంది. ఎన్నిసార్లు తిరిగిందో రాయమని నాకే చెబుతుంది. మా ఇద్దరిదీ ఒకటే పుస్తకం. అందులో తెల్ల కాగితాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

మీ పుస్తకం అటక మీంచి దించండి. పాత పేజీలు చింపకండి. ఆగిన చోటే, ఇవాళ్టి తారీఖు వేయండి.

నమో బుద్ధాయ! జై భీమ్!